మలివెలుగు పట్టిచ్చిన చిరునామా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. వాటి గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆకాశానికి సంబంధించిన చరిత్రను ఎన్నుకున్నాను. సర్వీసంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపినవాడికి ఆకాశంతో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. కానీ ఈ కథలో వచ్చేవన్నీ మన చేతుల మీదుగా నడిచిన వస్తువులే. ఫైలు నంబరు, చిరునామా, టెలిగ్రాము, సర్క్యులరు, ఆలస్యం. ఈ అయిదింటి చుట్టూనే కథంతా తిరుగుతుంది.

విషయం ఏమిటంటే, ఆకాశంలో ఎక్కడో ఒకచోట నుంచి ఉన్నట్టుండి గామా కిరణాలు వెల్లువలా వచ్చి కొద్ది సెకన్లలో ఆగిపోతాయి. వీటిని గామా కిరణ విస్ఫోటనాలు అంటారు. గామా కిరణాలు కంటికి కనిపించవు. మన వాయుమండలం వాటిని నేలదాకా రానివ్వదు. ఆ మెరుపు అయిపోయాక అదే చోట ఒక మసక వెలుగు మిగిలి, గంటలు, రోజులు, వారాల తరబడి క్రమంగా ఆరిపోతుంది. దాన్ని ఇంగ్లీషులో ఆఫ్టర్‌గ్లో అంటున్నారు. సూర్యుడు గుంకిన తరువాత మిగిలే వెలుగు వేళను మనం మలిసంధ్య అంటాం గనుక దీన్ని నేను మలివెలుగు అని పిలుస్తాను.

మెరుపు సంగతి లోకానికి 1967 నుంచి రికార్డుల్లో ఉంది. అది ఎంత దూరంలో జరుగుతోందో మాత్రం 30 ఏళ్ళ పాటు ఎవరికీ తెలియలేదు. మలివెలుగు దొరికిన పది వారాల్లో తెలిసింది. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి.

కాపలా ఉపగ్రహాలు

1963 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. వాయుమండలంలోనూ, నీటి అడుగునా, అంతరిక్షంలోనూ అణ్వాయుధ పరీక్షలు జరపకూడదని దాని సారాంశం. ఒప్పందం మీద సంతకాలైతే పడ్డాయి గానీ నమ్మకం కుదరలేదు. ఎవరైనా చాటుగా పరీక్ష జరిపితే పట్టుకోవటానికి అమెరికా ఆ సంవత్సరం అక్టోబరు నుంచే వేలా అనే ఉపగ్రహాలను జంటలుగా పైకి పంపింది. భూమికి లక్ష కిలోమీటర్లకు పైగా ఎత్తున అవి కాపలా తిరిగేవి. అణుబాంబు పేలితే గామా కిరణాలు వెలువడతాయి గనుక వాటిని గుర్తించే పరికరాలు అందులో అమర్చారు.

1967 జులై 2వ తేదీన ఆ పరికరాలు గామా కిరణాలను నమోదు చేశాయి. ఆ సంగతి ఆ రోజు ఎవరూ గమనించలేదు. న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రే క్లెబసాడెల్, రాయ్ ఓల్సన్ అనే శాస్త్రజ్ఞులు 1969లో పాత రికార్డులను వరుసగా సరిచూస్తుంటే అది బయటపడింది. కిరణాలు వచ్చిన తీరు బాంబు తీరులా లేదు. ఆ రోజు సూర్యుడిలో విశేషమూ లేదు. ఆ కాగితాన్ని వారు పారవేయకుండా పక్కన భద్రపరిచారు. తరువాత పంపిన ఉపగ్రహాల్లో గడియారాలు మెరుగైనవి. ఒక ఉపగ్రహాన్ని తాకిన కిరణాలు మరో ఉపగ్రహాన్ని సెకనులో కొంత భాగం ఆలస్యంగా తాకేవి. ఆ తేడాను బట్టి దిక్కు లెక్కగట్టారు. భూమి కాదు, సూర్యుడూ కాదు, బయట ఎక్కడినుంచో వస్తున్నాయని తేలింది. 1969 జులై నుంచి 1972 జులై వరకు నమోదైన 16 విస్ఫోటనాల వివరాలతో ఇయాన్ స్ట్రాంగ్‌ను కూడా కలుపుకొని వారు 1973 జూన్‌లో ప్రకటించారు. శత్రువు బాంబుల కోసం పెట్టిన కాపలా విశ్వంలో కొత్త వింతను చూపించింది.

చిరునామా లేని కవర్లు

తపాలా సెక్షన్‌లో పనిచేసినవారికి ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. కవరు మీద "వెంకటేశ్వరరావు గారికి, గోదావరి జిల్లా" అని మాత్రమే ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏ ఇంటి తలుపు తట్టాలి? గామా కిరణాలను మామూలు అద్దాలతో ఒకచోటికి చేర్చటం సాధ్యం కాదు. అందువల్ల అవి ఏ దిక్కు నుంచి వచ్చాయో ఉజ్జాయింపుగానే తెలిసేది.

1991 ఏప్రిల్‌లో అమెరికా కాంప్టన్ అనే పెద్ద గామా కిరణ వేధశాలను అంతరిక్షంలోకి పంపింది. 2000 జూన్‌లో దాన్ని సముద్రంలో కూల్చేదాకా అందులోని బాట్సీ అనే పరికరం 2,704 విస్ఫోటనాలను లెక్కించింది. అంటే దరిదాపు రోజుకొకటి. కానీ అది చెప్పే చిరునామాలో కొన్ని డిగ్రీల తేడా ఉండేది. ఆకాశంలో పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అలాంటి చంద్రుళ్ళు ఎన్నో పట్టే చోటులో నక్షత్రాలూ గెలాక్సీలూ వేలకు వేలు ఉంటాయి. వాటిలో దేన్నని అనుమానించాలి?

బాట్సీ ఒక ముఖ్యమైన సంగతి మాత్రం చెప్పింది. విస్ఫోటనాలు ఆకాశంలో అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తున్నాయి. మన పాలపుంతలోని నక్షత్రాల్లో జరిగేవైతే పాలపుంత కనిపించే పట్టీ వెంబడే ఎక్కువగా కనిపించాలి. అలా కనిపించలేదు. దీనిపై శాస్త్రజ్ఞులు రెండు పక్షాలైపోయారు. 1995 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఈ విషయమై బహిరంగ చర్చ జరిగింది. గెలాక్సీల దూరాల గురించి 1920లో పేరుపొందిన చర్చ జరిగిన హాలు కూడా అదే. అవి కోట్లాది కాంతి సంవత్సరాల అవతల జరుగుతున్నాయని బొహ్‌డన్ పచిన్‌స్కీ వాదించాడు. పాలపుంత చుట్టూ విస్తరించిన ఆవరణలో, అంటే మన దగ్గరలోనే జరుగుతున్నాయని డొనాల్డ్ ల్యాంబ్ వాదించాడు. మార్టిన్ రీస్ మధ్యవర్తిగా కూర్చున్నాడు. వాదనలు బాగా సాగాయి గానీ తీర్పు ఇవ్వటానికి సాక్ష్యం లేదు. ఒక్క విస్ఫోటనానికైనా దూరం కొలిచినవాడు లేడు.

దారి ఎటుందో సిద్ధాంతకర్తలు ఊహించి ఉన్నారు. విస్ఫోటనంలో ఎగజిమ్మిన పదార్థం దాదాపు కాంతి వేగంతో దూసుకుపోయి చుట్టుపక్కల వాయువును ఢీకొంటుంది. ఆ తాకిడిలో ఎలక్ట్రాన్లు వేగం పుంజుకొని, అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ కాంతినిస్తాయి. ముందు ఎక్స్ కిరణాలు, తరువాత మామూలు వెలుగు, చివరకు రేడియో తరంగాలు. కుంపటిలో మంట ఆరిపోయాక కూడా నిప్పులు కణకణలాడినట్టు. ఆ నిప్పులు ఆరకముందే చేరుకుంటే ఇల్లు ఏదో తెలుస్తుంది.

1997 ఫిబ్రవరి 28

ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి నిర్మించిన బెప్పోశాక్స్ అనే ఉపగ్రహం 1996 ఏప్రిల్ 30న పైకి వెళ్ళింది. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త జుసెప్పే ఒకియాలినీని మిత్రులు బెప్పో అని ముద్దుగా పిలిచేవారు. ఆయన పేరే దానికి పెట్టారు. ఒకే ఉపగ్రహంలో మూడు రకాల పరికరాలు ఉండటం దాని గొప్ప. ఒకటి విస్ఫోటనం జరిగిందని చెబుతుంది. ఇంకొకటి విశాలమైన ఆకాశాన్ని ఎక్స్ కిరణాల్లో ఫొటో తీసి ఎక్కడ జరిగిందో చూపుతుంది. మూడోది ఆ చోటును దగ్గరగా పరిశీలిస్తుంది.

మొదట్లో వారికీ ఆలస్యమే అడ్డు వచ్చింది. 1996 జులై 20 నాటి విస్ఫోటనం చిరునామా వారాల తరువాత గానీ తేలలేదు. 1997 జనవరి 11 నాటి దానికి 16 గంటల్లో ఉపగ్రహాన్ని తిప్పగలిగినా నమ్మకంగా చెప్పదగినది చిక్కలేదు. అందుచేత రోమ్ కేంద్రంలోని వారు పని తీరును ఇంకా బిగించుకున్నారు. ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టి వచ్చినప్పుడల్లా కెన్యాలోని మలిందీ స్టేషన్ మీదుగా సమాచారం దించుకోవాలి. అది రోమ్‌కు చేరాలి. అక్కడ డ్యూటీలో ఉన్నవారు చూసి, లెక్కగట్టి, ఉపగ్రహానికి తిరిగి ఆదేశం పంపాలి. ఇదంతా ఇక నుంచి గంటల్లో జరగాలి.

ఫిబ్రవరి 28 శుక్రవారం. రోమ్‌లో తెల్లవారుజామున దాదాపు నాలుగు గంటలు. మృగవ్యాధ నక్షత్ర మండలం వైపు నుంచి 80 సెకన్ల విస్ఫోటనం ఒకటి వచ్చింది. ఎన్రికో కోస్టా తదితరులు 8 గంటల్లో దగ్గరి పరికరాలను అటు తిప్పారు. అక్కడ మునుపు లేని ఎక్స్ కిరణాల చుక్క కనిపించింది. మార్చి 3న మళ్ళీ చూస్తే దాని కాంతి సుమారు ఇరవయ్యో వంతుకు పడిపోయింది. ఆరిపోతున్న నిప్పు చిక్కిందన్నమాట.

ఈలోగా చిరునామా ఆమ్‌స్టర్‌డామ్‌లోని యాన్ ఫాన్ పారడైస్ బృందానికి అందింది. పాల్ గ్రోట్, టైటస్ గలామా అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు అందులో ఉన్నారు. కానరీ దీవుల్లోని లా పాల్మా కొండ మీద 4.2 మీటర్ల విలియం హెర్షెల్ టెలిస్కోపు ఉంది. విస్ఫోటనం జరిగిన 21 గంటలకు, అదే రాత్రి, ఆ టెలిస్కోపుతో ఆ చోటును ఫొటో తీశారు. మార్చి 8న మళ్ళీ తీశారు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చుక్క చుక్కా పోల్చి చూస్తే మొదటిదాంట్లో ఉన్న ఒక చుక్క రెండోదాంట్లో లేదు. మన కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే అది మొదటి రాత్రికే పది లక్షల రెట్లకు పైగా మసక. ఎనిమిది రోజుల్లో అదీ పోయింది. మార్చి 14న అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సర్క్యులరు ద్వారా ఈ వార్త ప్రపంచానికి తెలిసింది. ఆ సర్క్యులర్లను విడుదల చేసే కార్యాలయం పేరు సెంట్రల్ బ్యూరో ఫర్ ఆస్ట్రనామికల్ టెలిగ్రామ్స్. మన దేశంలో 2013 జులైతో తంతి సేవ ముగిసిపోయింది గానీ ఆకాశ వార్తలకు టెలిగ్రాము అనే పేరు మిగిలింది.

ఇక్కడ పాఠకులు ఒక్క సంగతి గమనించాలి. మార్చి 8 నాటి ఫొటో ఎంత బాగా వచ్చినా, ఫిబ్రవరి 28 నాటి ఫొటో లేకపోతే దానికి విలువ లేదు. ఉన్నదేదో రాసి పెట్టుకుంటేనే పోయిందేదో తెలుస్తుంది. ఆ రాత్రి మబ్బు పట్టి ఉన్నా, చిరునామా రెండు రోజులు ఆలస్యంగా అందినా, చుక్క ఇంకా సన్నగిల్లి, పట్టుకోవటం ఎంతో కష్టమయ్యేది.

విస్ఫోటనాలకు పెట్టే పేర్లు కూడా మన ఫైలు నంబర్లలాగే ఉంటాయి. ఇది 970228. సంవత్సరం, నెల, తేదీ. ఒకే రోజున రెండు వస్తే ఎ, బి అని చేరుస్తారు.

దూరం తేలింది

మే 8న మరొకటి వచ్చింది. ఈసారి అందరూ సిద్ధంగా ఉన్నారు. అమెరికాలోని కిట్ పీక్ నుంచి హోవర్డ్ బాండ్ దాని వెలుగును పట్టాడు. మే 11న మార్క్ మెట్జ్‌గర్ బృందం హవాయిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోపుతో ఆ వెలుగును రంగులుగా విడదీసింది. దారిలో ఉన్న వాయువులోని మెగ్నీషియం, ఇనుము తమ గీతలను ఆ వెలుగు మీద వదిలాయి. ఆ గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో కొలిస్తే దూరం తెలిసింది. ఆ వెలుగు దాదాపు 700 కోట్ల ఏళ్ళ కిందట బయలుదేరింది. మన భూమి పుట్టి 450 కోట్ల ఏళ్ళు. వాదనలో పచిన్‌స్కీ గెలిచాడు.

అదే విస్ఫోటనపు రేడియో వెలుగును డేల్ ఫ్రేల్ బృందం న్యూమెక్సికోలోని రేడియో టెలిస్కోపులతో గమనిస్తూ వచ్చింది. మొదటి వారాల్లో అది మిణుకుమిణుకుమనేది. సుమారు నెల గడిచేసరికి మిణుకు తగ్గిపోయింది. ఆకాశంలో నక్షత్రాలు మిణుకుమంటాయి, గ్రహాలు మనవు. చుక్కలా ఉన్నదే మిణుకుతుంది, కాస్త వెడల్పుగా కనిపించేది మిణకదు. అంటే ఆ నిప్పుల ముద్ద నెల రోజుల్లో పెరిగింది. పెరిగిన వేగం దాదాపు కాంతి వేగమని లెక్క తేలింది. సిద్ధాంతకర్తలు చెప్పింది నిజమే.

మలివెలుగు ఆరిపోయే తీరు కూడా సమాచారమే. 1999లో వచ్చిన కొన్నింట్లో వెలుగు ఒక లెక్కలో తగ్గుతూ తగ్గుతూ ఒకనాటి నుంచి మరింత వేగంగా పడిపోయింది. దాన్ని బట్టి ఆ శక్తి అన్ని వైపులా కాక టార్చిలైటులా సన్నని ధారగా వస్తోందని గ్రహించారు. అలా లెక్క కట్టినా, మన సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ళ జీవితంలో ఇచ్చేటంత శక్తి కొద్ది సెకన్లలో ఖర్చవుతోంది. 2003 మార్చి 29 నాటి విస్ఫోటనపు మలివెలుగు సన్నగిల్లేకొద్దీ దాని వెనక సూపర్‌నోవా వెలుగు బయటపడింది. దాంతో దీర్ఘకాలపు విస్ఫోటనాలు భారీ నక్షత్రాల మరణ ఘట్టాలేనని రుజువైంది. రెండు సెకన్ల లోపు వచ్చేవాటి రహస్యం 2017 ఆగస్టు 17న తేలింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలు, ఆ వెంటనే 1.7 సెకన్లకు గామా కిరణాలు వచ్చాయి. దాని ధార మన వైపు సూటిగా లేనందున ఎక్స్ కిరణాల మలివెలుగు 9 రోజులకు, రేడియో మలివెలుగు 16 రోజులకు గానీ కనిపించలేదు. అయిదు నెలల దాకా పెరిగి ఆ తరువాతే తగ్గింది. ఓపిక పట్టి చూస్తూనే ఉన్నవారికే అది దక్కింది.

ఈ కథ నడిపిన యాన్ ఫాన్ పారడైస్ 1999 నవంబరులో 53వ ఏట కన్నుమూశాడు. సూపర్‌నోవా రుజువును చూడటానికి ఆయన లేడు.

సెకన్లతో పరుగు

వార్త చేరవేసే పద్ధతి మారకపోతే ఇవేవీ సాధ్యం కాకపోను. అమెరికాలోని గాడర్డ్ కేంద్రంలో స్కాట్ బార్తెల్మీ 1993 నుంచి నడిపిన ఏర్పాటు ఇందుకు మూలం. ఉపగ్రహం నుంచి చిరునామా రాగానే ఏ అధికారి సంతకం కోసమూ ఆగకుండా కంప్యూటరు దాన్ని ప్రపంచంలోని టెలిస్కోపులకు పంపుతుంది. చూసినవారు ఏం చూశారో సర్క్యులరు రాసి పంపుతారు. దానికి వరుస నంబరు పడుతుంది. పెద్ద టెలిస్కోపువారిదైనా, చిన్న టెలిస్కోపువారిదైనా అదే రిజిస్టరు.

దీని ఫలితం 1999 జనవరి 23న కనిపించింది. లాస్ అలమోస్‌లో కెమెరా లెన్సులు నాలుగు కలిపి చేసిన రోట్సీ అనే చిన్న యంత్రం, విస్ఫోటనం మొదలైన 22 సెకన్లకే తనంతట తాను అటు తిరిగి ఫొటో తీసింది. వందల కోట్ల ఏళ్ళ నాటి ఆ వెలుగు మామూలు బైనాక్యులర్లకు అందేటంత ప్రకాశించింది. 2004 నవంబరులో పంపిన స్విఫ్ట్ ఉపగ్రహం ఎవరూ చెప్పకుండానే ఒకటి రెండు నిమిషాల్లో తన టెలిస్కోపులను అటు తిప్పుకుంటుంది.

మనవారి పాత్ర

అమెరికాలో, ఐరోపాలో పగలైనప్పుడు మలివెలుగు ఆగదు గదా. ఆ వేళ షిఫ్టు డ్యూటీ మన దేశానిది. 1999 జనవరి 23 నాటి మలివెలుగును నైనిటాల్‌లోని 104 సెంటీమీటర్ల టెలిస్కోపుతో మనవారు కొలిచారు. ఆ వేధశాలకు 1954 నుంచి తొలినాళ్ళలో నాయకత్వం వహించినవారు వైను బప్పు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. ఆయన నిజాం కాలేజీలో చదివారు. 2003 నాటి మలివెలుగును మన శాస్త్రజ్ఞుల బృందం 3 గంటలు మొదలు 34 రోజుల దాకా కాంతిలోనూ, పుణె దగ్గరి రేడియో టెలిస్కోపులతో ఏడాదికి పైగానూ వెంబడించింది. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల చంద్ర టెలిస్కోపు ఉంది. దాన్ని బెంగుళూరు దగ్గరి హోసకోటే నుంచి నడుపుతారు. 2018లో దాని పక్కనే ఇలాంటి పరుగు పనుల కోసమే 70 సెంటీమీటర్ల యంత్ర టెలిస్కోపు నెలకొల్పారు. మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్ళిన ఆస్ట్రోశాట్‌లోని ఒక పరికరం పనిచేయటం మొదలుపెట్టిన నాడే, అక్టోబరు 6న, విస్ఫోటనాన్ని పట్టింది. ఆ తరువాత అలాంటివి 500 దాటాయి.

మనకు మరీ దగ్గరి సంగతి ఒకటి ఉంది. 2022 అక్టోబరు 9, ఆదివారం, ఆశ్వయుజ పౌర్ణమి. సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకు ఇంతవరకు నమోదైన వాటన్నింటిలోకీ ప్రకాశవంతమైన విస్ఫోటనం భూమిని తాకింది. పదివేల ఏళ్ళకోసారి వచ్చేదని దాని అంచనా. ఆ క్షణాన అది వచ్చిన దిక్కు మన దేశానికి నడినెత్తిన ఉంది. హైదరాబాదు వారికి సరిగ్గా తల పైన అంటే పెద్ద తేడా లేదు. మనం డాబా మీద నిలబడి పున్నమి చంద్రుణ్ణి చూస్తున్న వేళ, 190 కోట్ల ఏళ్ళ కిందట బయలుదేరిన కిరణాలు మన పైన వాయుమండలంలో ఇంకిపోయాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఫెర్మి ఉపగ్రహం రాసుకుంది. స్విఫ్ట్‌కు ఆ చోటు కనిపించేసరికి 7 గంటల 40 నిమిషాలైంది. అది చూసింది మలివెలుగునే. మొదట దాన్ని మన పాలపుంతలోని మరేదో వస్తువనుకొని వేరే పేరు పెట్టారు. ఆ తరువాత ఫెర్మి రికార్డుతో సరిచూసి రెండు ఫైళ్ళూ ఒకటేనని తేల్చారు. ఆ మలివెలుగును నెలల తరబడి ప్రపంచంలోని టెలిస్కోపులు వెంబడించాయి.

సభ్యులకు మనవి

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు మన సంఘం గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరువాత సహాయ పనుల్లో డ్యూటీ చేసినవారు మనలో ఇంకా కొందరున్నారు. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు గ్రామ రికార్డులు స్వాధీనం చేసుకున్నవారూ ఉన్నారు. ఆ ఘటనలు ప్రభుత్వ ఫైళ్ళలో ఉంటాయి. ఆ తరువాత వారాల్లో, నెలల్లో ఏం జరిగిందో, ఏ ఊళ్ళో ఎవరు ఎలా నిలదొక్కుకున్నారో చూసినవారికే తెలుసు. ప్రతి వార్షిక సమావేశంలో ముందు రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నాం. ఆ జాబితా ప్రతి ఏడాదీ పెరుగుతోంది.

కనుక, చూసింది చూసినట్టు నాలుగు పేజీలు రాసి సంఘ కార్యాలయానికి అందజేయవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను. చేతిరాతైనా పరవాలేదు. చేయి వణికేవారు మనుమల చేత రాయించవచ్చు. తేదీ, ఊరి పేరు మాత్రం తప్పకుండా వేయండి.